ముద్దమందారానికి ఆకుముడత వచ్చిన శుభవేళ

మీ ఇంటి ముందున్న చెట్టుకు ఆకుముడత వచ్చిందా? రాలేదా? అయ్యో, మీకు నా ప్రగాఢ సానుభూతి! ఆకులు నున్నగా, విప్పారి, నిగనిగలాడుతున్నాయంటే మీ బతుకులో ఏదో పెద్ద లోటు ఉందన్నమాటే. ఇంతకాలం ఆ సంగతి మీకు తెలియకపోవడం ఇంకా పెద్ద లోటు.

నవ్వకండి. నేను చాలా సీరియస్‌గా చెబుతున్నాను. ఈ రోజుల్లో మధ్యతరగతి మనిషికి దేవుడు నేరుగా ఇస్తున్న వరాలు చాలా తక్కువ. వాటిలో మొదటిది ఆకుముడత అని నా గట్టి నమ్మకం.

ఆకుముడత అంటే ఏమిటో తెలియని వాళ్ల కోసం రెండు ముక్కలు. ఆకు అంచులు లోపలికి తిరిగి, దొన్నెలా ముడుచుకుపోతాయి. కొమ్మ చివరి చిగుళ్లు గుప్పిట బిగించుకుని కూర్చుంటాయి. మొగ్గ వేసినా విప్పుకోదు, రాలిపోతుంది. చూసేవాళ్లు దాన్ని రోగం అంటారు. నా బోటి దూరదృష్టి గలవాడు మాత్రం రెండు చేతులూ జోడిస్తాడు.

మా ఇల్లు నిజామాబాద్‌లో. గేటు పక్కన ఒక ముద్దమందారం ఉంది. మామూలు మందారం కాదు, రేకల మీద రేకలు, ఎర్రగా, గుప్పెడంత పువ్వు. మా ఆవిడ పుష్పలత దాని కొమ్మను బోధన్ నుంచి, వాళ్లమ్మ ముత్తవ్వ ఇంటి ముందరి చెట్టు నుంచి తెచ్చి నాటింది. తర్వాత అక్కడ రోడ్డు వెడల్పు చేసినప్పుడు ఆ పెద్ద చెట్టు పోయింది. నిరుడు శ్రావణంలో ముత్తవ్వ కూడా పోయింది.

ఇక మిగిలింది మా గేటు పక్క కొమ్మే. ఈ శ్రావణంలో ముత్తవ్వ సంవత్సరీకం. ఆ రోజు ఆ చెట్టు పువ్వు ఒక్కటి వాళ్లమ్మ ఫోటోకు పెట్టాలని పుష్పలత కోరిక.

"నగలడిగిన్నా, చీరలడిగిన్నా? అవ్వ చెట్టు పువ్వు అవ్వకు పెట్టాలె. గంతే," అంది నాతో.

చిన్న కోరికే. కానీ మా గల్లీలో ఉంటూ సొంత చెట్టు పువ్వు కావాలనడం మామూలు ఆశ కాదు. ఆ చెట్టు పూయడం మొదలుపెట్టి ఎన్నో ఏళ్లయింది. విరగబూసేది కూడా. అందులో ఒక్కటంటే ఒక్క పువ్వు మా ఇంటి గడప దాటి లోపలికి రాలేదు!

ఎందుకంటే మా కాలనీ చాలా భక్తి గల కాలనీ. తెల్లారకముందే మార్నింగ్ వాక్ పేరుతో పెద్దలందరూ బయల్దేరుతారు. ఒక చేతిలో ప్లాస్టిక్ కవర్, ఇంకో చేతిలో చివర కొక్కెం ఉన్న కర్ర. నడక కోసమైతే కర్రకు కొక్కెమెందుకని మీరు అడగవచ్చు. అడగకండి. అది భక్తుల సొంత విషయం.

వీరందరికీ నాయకుడు పరమేశ్వర్ గారు. ఒకప్పుడు బోధన్ చక్కెర ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరై, మా ఇంటికి నాలుగిళ్ల అవతల స్థిరపడ్డారు. పువ్వును తొడిమ దగ్గర తెంపితే వాడిపోతుందని, ఆకులున్న రెమ్మతో సహా తుంచితేనే తాజాగా ఉంటుందని ఆయన సిద్ధాంతం. నడిచేటప్పుడు చెమటకు జారిపోతాయని కళ్లద్దాలు ఇంట్లోనే పెట్టి వస్తారు. అయినా పువ్వు మాత్రం ఎంత చీకట్లో ఉన్నా కనిపిస్తుంది.

ఒకసారి పుష్పలత ఆయన్ను గేటు దగ్గరే పట్టుకుంది. ఆయన కొంచెం కూడా జంకలేదు.

"దేవునికే గదా చెల్లె! నేనేమన్న నా చెవుల పెట్టుకుంటున్ననా?" అన్నారు.

దీనికి ఏం జవాబు చెబుతారు? దేవుడి పేరు ఎత్తాక మనం నోరెత్తితే నాస్తికులమైపోతాం. పైగా ఆయన ప్రతి ఉదయం కాలనీ వాట్సాప్ గ్రూపులో తన పూజగది ఫోటో పెట్టి 'శుభోదయం' చెబుతారు. మా పువ్వుల దర్శనం మాకు అందులో చక్కగా దొరుకుతుంది. కావాలంటే జూమ్ చేసుకోవచ్చు.

నేనేదో ఫిర్యాదు చేస్తున్నానని అనుకుంటున్నారా? ఛ ఛ! ఈ వ్యాసం ఆకుముడత గొప్పతనం గురించి. అసలు విషయంలోకి వస్తున్నాను.

ఈ ఎండాకాలంలో, ఒక శుభముహూర్తాన, మా ముద్దమందారానికి ఆకుముడత వచ్చింది. చూస్తుండగానే చిగుళ్లన్నీ ముడుచుకుపోయాయి. పూత ఆగిపోయింది. పుష్పలత క్యాలెండర్ తీసి లెక్కపెట్టుకుంది. శ్రావణానికి కొన్ని నెలలే ఉన్నాయి మరి!

కానీ చూడండి వరం మహిమ! అప్పటిదాకా చీకట్లో చప్పుడు చేయకుండా వచ్చిపోయిన వాళ్లంతా పట్టపగలు, గేటు తీసుకుని, కాలింగ్ బెల్ నొక్కి మరీ రావడం మొదలుపెట్టారు. ఎదురింటివాళ్ల పేరు కూడా తెలియని ఈ కాలంలో ఇంతకన్నా ఏం కావాలి? నాకు డెంగీ వచ్చి మంచం పట్టినప్పుడు ఇంతమంది రాలేదు. ఆ మాటకొస్తే ఒక్కరూ రాలేదు.

మొదట పక్కింటి తారాబాయి వచ్చింది. చెట్టును చూసి నోటి మీద చేయి పెట్టుకుంది.

"అయ్యో పుష్పక్కా! మన చెట్టుకు గిట్లెందుకైందే?"

గమనించారా? మన చెట్టు! నీళ్లు పోసేటప్పుడు మా చెట్టు, ఎరువు వేసేటప్పుడు మా చెట్టు. ముడత రాగానే మన చెట్టు అయింది. ఇంత ఐక్యత ఏ సంఘం తేగలదు?

"దిష్టి తాకిందక్కా. ఎవలి కండ్లు పడ్డయో," అని తారాబాయి నిమ్మకాయ, పచ్చిమిరపకాయలు గుచ్చి తెచ్చి కొమ్మకు కట్టింది.

"పడ్డయి కండ్లు కాదు తారక్కా, చేతులు," అంది పుష్పలత. తారాబాయి అది విననట్టే ముడి గట్టిగా బిగించింది.

తర్వాత పరమేశ్వర్ గారు వచ్చారు. ఆ రోజు కళ్లద్దాలు పెట్టుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, పరామర్శకు వచ్చినట్టే వచ్చారు. సోఫాలో కూర్చుని, చాయ్ తాగి, నిట్టూర్చారు.

"శాన తిప్పలైతున్నది సారూ. అమ్మవారికి గన్నేరు పువ్వులతోటి ఎల్లదీస్తున్న. పాణం ఉసూరుమంటున్నది. జర జల్ది మంచిగ చేయించుండ్రి. చెట్టు పెట్టినంక చూసుకోవాలె గదా!"

నేను సిగ్గుతో తలవంచుకున్నాను. నిజమే, ఎంత నిర్లక్ష్యం నాది! ఆయన పూజకు అంతరాయం కలిగేలా నా చెట్టును రోగం పాలు చేశాను. క్షమించమని అడిగి, ఇంకో చాయ్ ఇప్పించాను.

రెండో వరం బంధువులు. ఏళ్ల తరబడి ఫోన్ తప్ప మా ఇంటి ముఖం చూడని బంధువులను ఒక ముడుచుకున్న ఆకు మా గేటు దాకా లాక్కొచ్చింది.

మా అన్న భీమన్న కమ్మర్‌పల్లి నుంచి వచ్చాడు. పసుపు పండించడంలో దిట్ట. నిజామాబాద్ మార్కెట్ యార్డులో ఆయన పసుపు కొమ్ము చూసి వ్యాపారులు తలూపుతారు. అంతటివాడు మందారాన్ని ఒక్క చూపు చూసి తేల్చేశాడు.

"ఆకుల ఏం లేదురా. ఆకు ముడుసుకున్నదంటే కింద దుంప కుళ్లినట్టు. తవ్వి సూద్దాం."

మేం వద్దంటున్నా వినకుండా గడ్డపార తీసుకుని మొదట్లో తవ్వాడు. వేర్లు తెగుతుంటే పుష్పలత, "బావా, బావా!" అని మొత్తుకుంది. చాలాసేపు తవ్వి, చెమట తుడుచుకుని, గొయ్యిలోకి వంగి చూసి, మొహం చిన్నబుచ్చుకున్నాడు.

"అసలు దుంపే లేదురా! రోగం గంత ముదిరింది," అన్నాడు.

మందారానికి దుంప ఉండదని చెప్పడానికి నోరు రాలేదు. పెద్దవాడు, పైగా బస్సులో నిలబడి వచ్చాడు. గొయ్యి పూడ్చి, పైన ఎండుటాకులు కప్పి, పసుపుకు చేసినట్టే సకల మర్యాదలూ చేసి వెళ్లాడు.

ఆ వారమే పుష్పలత తమ్ముడు రామ్‌దాస్ బోధన్ దగ్గరి ఊరి నుంచి వచ్చాడు. ఆయనది చెరకు. చెరకు ఏపుగా పెరిగితే గాలికి పడిపోకుండా నాలుగైదు గడలు దగ్గరికి లాగి, వాటి ఆకులతోనే జడలా చుట్టి కడతారు. ఆ పనిలో రామ్‌దాస్ చేయి చాలా చురుకు.

"బావా, గీ చెట్టు బాగ ఇడిసిపెట్టినట్టైంది. జడ చుడితే మంచిగైతది," అన్నాడు.

చుట్టేశాడు! మందారం కొమ్మలన్నీ నడుమ దగ్గరికి లాగి, గట్టిగా జడ వేసి, ముడి పెట్టాడు. బడికి బయల్దేరిన ఆడపిల్లలా మా చెట్టు గేటు పక్కన నిలబడింది. దారిన పోయేవాళ్లు ఆగి ఫోటోలు తీసుకున్నారు. చెప్పండి, ఆరోగ్యంగా ఉన్న ఏ చెట్టుకైనా ఇంత పేరు వచ్చిందా?

మూడో వరం సైన్స్. నేను చదువుకున్నవాణ్ణి కదా, ఫోన్‌లో ఒక యాప్ దించుకున్నాను. ఆకు ఫోటో తీసి పెడితే రోగం పేరు చెబుతుందట. పెట్టాను. చక్రం కాసేపు గిరగిరా తిరిగి, 'మీ పత్తి పంట బాగుంది, అభినందనలు' అని వచ్చింది. ఆకు పట్టుకున్న నా బొటనవేలికి మాత్రం ఏదో మచ్చ తెగులు ఉందని అనుమానం వెలిబుచ్చింది. ఆ రోజు నుంచి నాకు ట్రాక్టర్ల ప్రకటనలు వస్తున్నాయి.

యాప్‌ను నమ్మక ఎరువుల దుకాణానికి వెళ్లాను. ముడుచుకున్న రెమ్మను కవర్‌లో పెట్టి చూపించాను. దుకాణదారు దాని వైపు చూడనే లేదు.

"ఎన్నెకరాలు?" అన్నాడు.

"ఒక్క చెట్టండి."

"ఎకరానికైతే ఉన్నది. చెట్టుకు లేదు."

"కొంచెం చిన్న సీసా..."

"సీసా చిన్నగైతది సారూ, ఎకరం చిన్నగ గాదు. తీస్కపోయి మిగిలినది ఇంకో పంటకు కొట్టుండ్రి."

ఇంకో పంట అంటే మా ఇంట్లో మిగిలింది వంటింటి కిటికీలో పుదీనా కుండీ ఒక్కటే. నమస్కారం పెట్టి వచ్చేశాను.

ఇక వాట్సాప్ గ్రూపు. అంతవరకు శుభోదయాలతో, పోయిన చెప్పుల ఫోటోలతో కాలక్షేపం చేస్తున్న గ్రూపు ఒక్కసారిగా వ్యవసాయ విశ్వవిద్యాలయం అయిపోయింది. ఒకరు పుల్లటి మజ్జిగ చల్లమన్నారు. ఒకరు ఇంగువ నీళ్లన్నారు. ఒకరు వాడేసిన చాయ్ పత్తి, ఒకరు వెల్లుల్లి రసం, ఒకరు కోడిగుడ్డు పెంకులు. చెప్పి ఊరుకున్నారా? ఎవరిది వారు గిన్నెలో తెచ్చి, ఎవరికి వీలైనప్పుడు వారు పోసి వెళ్లారు. మేము ఇంట్లో లేనప్పుడు గోడ మీద నుంచి పోసిన మహానుభావులు కూడా ఉన్నారు.

వారం తిరిగేసరికి మా గేటు దగ్గర గొప్ప వాసన. ఇంకొంచెం ఉప్పు పడితే చారు అయ్యేది! గల్లీ కుక్కలు చెట్టు చుట్టూ భోజనాల బంతిలో కూర్చున్నట్టు కూర్చుని విస్తరాకు కోసం ఎదురుచూశాయి.

ఇంతమంది వచ్చారు, ఇన్ని మాటలు చెప్పారు, ఇన్ని గిన్నెలు తెచ్చారు. వీళ్లలో ఒక్కరైనా ఆకును తిప్పి వెనక వైపు చూశారా? చూడలేదు. నేనూ చూడలేదనుకోండి. ఆకు వెనక ఏముంటుందిలే అనుకున్నాను.

చూసింది పుష్పలత. అదీ వైద్యం చేద్దామని కాదు. ఆ వాసన భరించలేక, ఒకరోజు పొద్దున కోపంగా పైపు పట్టుకుని చెట్టును కడగడానికి దిగింది. ముందు రామ్‌దాస్ వేసిన జడ విప్పింది. మజ్జిగ అట్టలు కట్టిన ఆకును తిప్పి రుద్దబోయి, ఆగిపోయింది.

"ఇగో, జర ఇటు రండ్రి," అని పిలిచింది.

వెళ్లి చూశాను. ముడుచుకున్న ప్రతి ఆకు లోపలా తెల్లగా, దూది అంటించినట్టు పురుగులు. పిండినల్లి! ఆకు రసం పీల్చేస్తూ హాయిగా కాపురాలు చేస్తున్నాయి. రసం పీల్చితే ఆకు ముడుచుకోక ఏం చేస్తుంది? వాటి మధ్య చీమలు అటూ ఇటూ తిరుగుతూ కాపలా కాస్తున్నాయి. పిండినల్లి తీయటి జిగురు వదులుతుంది, చీమలు దాన్ని నాకుతాయి. అందుకే వాటిని పాడి పశువుల్లా చూసుకుంటాయి, ఒక కొమ్మ నుంచి ఇంకో కొమ్మకు మోసుకుపోతాయి కూడా.

"ఇన్ని చీమలు ఏడికెళ్లి వచ్చినయి?" అని పుష్పలత చీమల బారు వెంట కిందికి చూపు దించింది. కొమ్మ, మాను, మొదలు. మొదట్లో, భీమన్న కప్పిన ఎండుటాకుల పక్కన, తెల్లగా మెరుస్తూ చక్కెర!

చిటికెడు కాదు. గుప్పిళ్లు గుప్పిళ్లు. కొత్తది పైన, తడిసి గట్టిపడినది కింద. కాఫీలో వేసుకుంటే కాలనీ అంతా తాగవచ్చు.

మరునాడు తెల్లవారుజామునే ఇద్దరం కిటికీ వెనక నిలబడ్డాం. పరమేశ్వర్ గారు వచ్చారు. చెట్టంతా చేత్తో తడిమి, పువ్వు లేదని నిట్టూర్చి, జేబులోంచి పొట్లం తీసి మొదట్లో చక్కెర చల్లి, దండం పెట్టుకున్నారు. పుష్పలత గేటు తీసింది.

"అన్నా, ఈ చక్కెర మీరేస్తున్నరా?"

"అవు చెల్లె! రోజు ఏస్త. చీమలకు చక్కెర ఏస్తె పుణ్యం గదా," అన్నారు ఆయన, పట్టుబడ్డ ఛాయలేవీ లేకుండా, సంతోషంగా.

"ఊరంత చీమలున్నయి గదా. మా చెట్టు మొదట్లనే ఎందుకు?"

ఆయన మనసు కష్టపెట్టుకున్నారు.

"గదేం మాట చెల్లె? మీ చెట్టు పువ్వు ఉత్తగ తెంపుకపోతనా? గా మాత్రం నీతి లేదా నాకు? పువ్వు తీసుకున్న, గాన్నే చక్కెర ఏసిన. హిసాబ్ బరాబర్!"

"మరి ముడతొచ్చినంక పువ్వులే లేవు గదన్నా. ఇంక దేనికేసిండ్రు?"

"చెట్టుకు పాణం బాగలేదు గదా! పుణ్యం జర ఎక్కువ గావాలని గుప్పిళ్ల కొద్ది ఏసిన," అన్నారు.

పాఠకులారా, ఇంతటి న్యాయబుద్ధి ఎక్కడైనా చూశారా? పువ్వు మాది, ధర చీమలకు! చీమలు ఆ ధర పుచ్చుకుని, మా చెట్టు మొదట్లోనే బస చేసి, పిండినల్లిని పెంచి పోషించాయి. ఆయన పుణ్యం పెరిగిన కొద్దీ మా ఆకులు ముడుచుకున్నాయి. ముడుచుకున్న కొద్దీ ఆయన పుణ్యం పెంచారు. బోధన్ చక్కెరకు ఎంత బలముందో నాకు ఆ రోజు అర్థమైంది.

"ఇంకొక్క పలుకు చక్కెర పడితే ఊకోనన్నా," అంది పుష్పలత. "ఇది మా అవ్వ చెట్టు. శ్రావణంల అవ్వ సంవత్సరీకం. గా దినానికి ఒక్క పువ్వు గావాలె నాకు. ఒక్కటే."

"అయ్యో, గట్లనా చెల్లె? మొదలే చెప్తే అయిపోవు గదా," అని పొట్లం జేబులో పెట్టుకుని వెళ్లిపోయారు.

ఆ తర్వాత వైద్యమంటే పెద్దగా ఏమీ లేదు. చక్కెరంతా ఎత్తిపారేశాం. బాగా ముడుచుకున్న కొమ్మ చివర్లు కత్తిరించి, సబ్బునీళ్ల బకెట్లో ముంచి పడేశాం. పుష్పలత ప్రతి ఆకూ తిప్పి పైపుతో కడిగింది. సబ్బునీళ్లలో కాస్త వేపనూనె కలిపి సాయంత్రాలు ఆకుల వెనక కొట్టింది. చీమలు ఎక్కకుండా మాను చుట్టూ గుడ్డ చుట్టి నూనె పూసింది. వానలు పడ్డాయి. కొత్త చిగుళ్లు వచ్చాయి. నున్నగా, విప్పారి, నిగనిగలాడుతూ వచ్చాయి.

ఇక్కడే నాకు భయం పట్టుకుంది.

ఎందుకంటే ఆకులు విప్పుకుంటున్న కొద్దీ మా గల్లీలో కర్రలు మళ్లీ బయటికి వచ్చాయి. తారాబాయి గోడ మీద నుంచి, "మన చెట్టు మంచిగైందే!" అని సంబరపడింది. శ్రావణం దగ్గరపడింది. ఊరంతా పువ్వుల వేటలో ఉండే నెల. అప్పుడే ఒక కొమ్మ మీద ఒక మొగ్గ కనిపించింది. సరిగ్గా సంవత్సరీకం నాటికి విచ్చుకునేలా ఉంది.

అప్పుడు తెలిసింది నాకు ఆకుముడత విలువ! ముడత ఉన్నన్నాళ్లు మా చెట్టు మీద ఒక్క కొక్కెం పడలేదు. ఏ కుక్క, ఏ గేటు తాళం, ఏ సీసీ కెమెరా చేయలేని పని అది చేసింది. అలాంటి కాపలాదారుణ్ణి మా చేతులతో మేమే సబ్బునీళ్లు పోసి తరిమేశాం.

ఆలోచించి, దండెం మీద ఉన్న బట్టల క్లిప్పులన్నీ తీసుకొచ్చాను. నీలం రంగువి. మొగ్గ చుట్టూ ఉన్న ఆకులను ఒక్కొక్కటీ చుట్ట చుట్టి, లోపలి వైపు క్లిప్పు పెట్టాను. దూరం నుంచి చూస్తే మళ్లీ ముడత తిరగబెట్టినట్టే! క్లిప్పులు లేక మా బనియన్లు ఎగిరి తారాబాయి ఇంట్లో పడ్డాయి. పడనివ్వండి అనుకున్నాను.

పథకం అద్భుతంగా పనిచేసింది. పరమేశ్వర్ గారు కళ్లద్దాలు లేకుండా వచ్చి, చెట్టును చూసి, "మల్ల ముడతొచ్చిందే!" అని గొణుక్కుంటూ పోయారు. నేను కిటికీ వెనక చప్పట్లు కొట్టుకున్నాను.

సంవత్సరీకం రోజు వచ్చింది. పొద్దున చూస్తే మొగ్గ విచ్చుకుంది! ముడుచుకున్న ఆకుల మధ్య ఎర్రగా, గుప్పెడంత. పుష్పలత దాన్ని చూసి కళ్లొత్తుకుంది. కానీ స్నానం చేయకుండా పువ్వు తెంపకూడదు కదా. "నేను తానం చేసొస్త. మీరు కదలకుండ్రి," అని నన్ను కాపలా పెట్టి లోపలికి వెళ్లింది.

నేను కదలలేదు. నిజంగా కదలలేదు, నల్లా నీళ్లు వచ్చేదాకా. "నల్లా వచ్చింది!" అని గల్లీలో కేక వినపడింది. నిజామాబాద్‌లో పుట్టి పెరిగిన మనిషి ఆ కేక విని నిలబడగలడా? కాళ్లే నన్ను డ్రమ్ము దగ్గరికి తీసుకుపోయాయి. పైపు తగిలించి తిరిగి వచ్చేసరికి పువ్వు లేదు.

పువ్వే కాదు, రెమ్మ కూడా లేదు. పుష్పలత తడి జుట్టుతో వచ్చి, ఆ ఖాళీ కొమ్మను చూసి, వెనక్కి తిరిగి వెళ్లి గుడికి సంచి సర్దుకుంది. నన్ను నాలుగు తిట్టినా బాగుండేది.

ముత్తవ్వ పేరున ఇచ్చేందుకు బియ్యం, పప్పు, కూరగాయలు తీసుకుని అమ్మవారి గుడికి వెళ్లాం. అయ్యగారికి ఇచ్చి, దండం పెట్టుకుని నిలబడ్డాం. అయ్యగారు అమ్మవారి పాదాల దగ్గరి నుంచి ఒక పువ్వు తీసి పుష్పలత చేతిలో పెట్టారు.

"ప్రసాదం తీసుకోండమ్మా."

ముద్దమందారం. ఆకులతో, రెమ్మతో సహా. ఒక ఆకు చుట్ట చుట్టి ఉంది. దానికి నీలం రంగు బట్టల క్లిప్పు ఉంది. అయ్యగారు దాన్ని ఎవరిదో మొక్కుబడి అనుకున్నారేమో, కుంకుమ కూడా పెట్టారు!

పక్కనే పరమేశ్వర్ గారు కళ్లు మూసుకుని గోత్రం చెప్పించుకుంటున్నారు. కళ్లు తెరిచారు. మమ్మల్ని చూశారు, పువ్వును చూశారు, ముఖాన్ని పువ్వుకు బాగా దగ్గరగా తెచ్చి క్లిప్పును చూశారు. ఒక్క క్షణమే తడబడ్డారు.

"చూసినవా చెల్లె! మీ అవ్వ చెట్టు పువ్వు సక్కగ అమ్మవారి పాదాల కాడికి చేరింది. పుణ్యమంత మీదే!"

పుష్పలత ఆకు నుంచి క్లిప్పు ఊడదీసింది.

"పుణ్యం మీరే పెట్టుకోండ్రి అన్నా. క్లిప్పు మాది," అంది.

ఇంటికొచ్చి ఆ పువ్వును ముత్తవ్వ ఫోటోకు పెట్టింది. "అవ్వా, నీ పువ్వు గుడి సుట్టు తిరిగొచ్చింది," అని నవ్వింది. నవ్వుతూనే ఏడ్చింది. నా కళ్లలోనూ నీళ్లు తిరిగాయి. ఆ ఒక్క రోజు నాకు ఎవరి మీదా కోపం లేదు.

మరునాడు తెల్లవారి చెట్టు దగ్గరికి వెళ్లాను. పక్క కొమ్మ మీద నేను ముందురోజు చూసిన ఇంకో మొగ్గ ఉండాలి, ఆ రోజే విచ్చుకోవాలి. లేదు. తుంచిన చోట, కొమ్మ చివర, కొత్త బట్టల క్లిప్పు ఒకటి బిగించి ఉంది. గులాబీ రంగుది, ఇంకా ధర ఉన్న అట్ట ముక్క కూడా ఊడదీయలేదు.

పరమేశ్వర్ గారు నీతి గల మనిషి. చక్కెర వద్దన్నాం కదా, మానేశారు. ఉత్తగా మాత్రం తీసుకుపోరు. ఆ రోజు నుంచి పువ్వుకొక క్లిప్పు, హిసాబ్ బరాబర్. చూసి చూసి తారాబాయి కూడా మొదలుపెట్టింది, ఆమెవి చెక్కవి.

కాబట్టి పాఠకులారా, మీలో ఎవరింట్లోనైనా చెట్టుకు అసలు సిసలైన ఆకుముడత ఉంటే దయచేసి నాకు కబురు చేయండి. పురుగులతో సహా రెండు రెమ్మలు చాలు, నేనే వచ్చి తీసుకుంటాను. ఉత్తగా వద్దులెండి, క్లిప్పులిస్తాను.